గోగునార, వెదురు, తుక్కు సైకిల్: తొమ్మిది నెలల పని డైరీ

2022 నవంబరు 19

పదకొండు వెదురు గడలు ఈ రోజు ఆటో మీద ఇంటికొచ్చాయి. ఒక్కోటి ఏడడుగులు. వీటితో సైకిల్ ఫ్రేమ్ కట్టాలి. గోడకి తగిలించుకునే బొమ్మ కాదు, నేను ఎక్కి విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లి రావలసిన సైకిల్. నా తర్వాత ఎవరైనా మొదలుపెడితే కొలతలతో సహా దొరకాలని మొదటి రోజు నుంచే రాసి పెడుతున్నాను.

తొమ్మిదో తరగతిలో బలాల పాఠం చెబుతూ, సైకిల్ ఫ్రేమ్‌లో బరువు ఏ గొట్టాన్ని లాగుతుంది, ఏ గొట్టాన్ని నొక్కుతుంది అని బోర్డు మీద బాణం గుర్తులు వేస్తుంటే ఒక పిల్లవాడు లేచి "ఇనుమే ఎందుకు సార్, గట్టి కర్రయితే చాలదా?" అన్నాడు. చాలు అనే చెప్పాను. చెప్పాక చేసి చూపించాలనిపించింది. అసలు ఈ బండి పుట్టిందే కర్రతో. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ చేసిన మొదటి రెండు చక్రాల బండి చాలావరకు కర్రే. పెడల్స్ లేవు, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవాలి. మన ఊళ్లలో తాటి బుర్రలకి పుల్ల గుచ్చి బండి చేసి తోసుకుంటూ పరిగెత్తని పిల్లలు మా తరంలో లేరు. ఆ సరదా రెండు చోట్లా ఒకటే అనుకుంటాను.

1890లలోనే యూరప్‌లో, అమెరికాలో వెదురు ఫ్రేములు కట్టారు. అప్పట్లో అతుకులకి లోహపు తొడుగులు వాడేవారు. ఆ తర్వాత ఉక్కు గొట్టాలదే రాజ్యం అయింది. నాకు దారి చూపించింది మాత్రం కాలిఫోర్నియాలో కార్బన్ ఫ్రేములు కట్టే క్రెయిగ్ కాల్‌ఫీ పద్ధతి. ఆయన 1990లలో వెదురు గొట్టాలని ఎపాక్సీలో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురులో, తడిపిన నారతో చుట్టి అతికించాడు. ఘానాలో కుమాసి చుట్టుపక్కల ఈ పద్ధతితోనే వెదురు సైకిళ్లు చేసి అమ్ముతున్నారు. ఈ ఏడాది జూన్‌లో ఇండోనేసియా అధ్యక్షుడు, ఆస్ట్రేలియా ప్రధాని బోగోర్‌లో వెదురు సైకిళ్లు తొక్కుతున్న ఫొటో పేపర్లో చూసే ఉంటారు. అవి అక్కడి డిజైనర్ సింగి కార్తోనో చేయించినవి. ఆయన వెదురుని గొట్టంలా వాడడు, చీల్చి బద్దలుగా అతికిస్తాడు.

నాకు వెదురు దొరికింది సాలూరు వైపు ఒక రైతు పొలం గట్టు మీద. 2017లో అటవీ చట్టం మార్చి వెదురుని చెట్ల జాబితాలోంచి తీసేశారు కాబట్టి పట్టా భూమిలో పెరిగినదాన్ని నరకడానికీ తేవడానికీ ఆ చట్టం కింద ఇబ్బంది లేదు. వెదురు ఎంచి ఇచ్చింది మా వీధి చివర బుట్టలల్లే మేదర తాత. గడ కట్టలో ఒక్కోదాన్నీ కత్తి మడమతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు.

"ఏటి మాస్టారూ, బుట్టలకి లేత వెదురు కావాలి గానీ ఇంత ముదురుది ఏం చేసుకుంటారు?"

"సైకిల్ కడదామని తాతా. మనిషి బరువు మొయ్యాలి."

"అయితే నిచ్చెనకి ఎంచినట్టు ఎంచాలి" అని మళ్లీ మొదటి నుంచి చూశాడు. మూడేళ్లు దాటిన గడ ఎలా తెలుస్తుందో అప్పుడు చూపించాడు. పైన ఆకుపచ్చ మెరుపు పోయి బూడిద మచ్చలు కట్టి ఉంటుంది, కణుపుల దగ్గర పొరలు రాలిపోయి ఉంటాయి, కొడితే గంగుమంటుంది. పెద్ద గొట్టాలకి 35 నుంచి 40 మి.మీ. లావువి ఆరు, వెనక సన్న గొట్టాలకి 20 మి.మీ. లావువి అయిదు తీశాం. ఆ సన్నవి లోపల బోలు దాదాపు లేని గట్టి రకం, శాస్త్రీయ నామం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. మన కొండల్లో ఎక్కువగా పెరిగేది అదే.

చీకటి రోజుల్లో నరికితే పుచ్చదని తాత నమ్మకం. కార్తీక బహుళంలోనే నరికాం. చంద్రుడి సంగతి పక్కన పెడితే, వానలు వెనకబడి చలి మొదలయ్యే ఈ కాలంలో నరకడం మాత్రం సరైన పనే. కొత్త మొలకలు పెరిగే పని అప్పటికి అయిపోతుంది, గడలో పిండిపదార్థం తగ్గి ఉంటుంది. పురుగు వచ్చేది ఆ పిండిపదార్థం కోసమే.

నవంబరు 27

పురుగు మందు రోజు. వెలిగారం, బోరిక్ యాసిడ్. మొదటిది కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడేది, రెండోది క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు. 20 లీటర్ల వేడినీళ్లలో వెలిగారం 600 గ్రాములు, బోరిక్ యాసిడ్ 400 గ్రాములు కరిగించాను.

గడ లోపల కణుపు కణుపుకీ ఒక అడ్డు గోడ ఉంటుంది. పొడుగాటి ఇనప చువ్వ మొన చెక్కి పైనుంచి దించి ఒక్కో గోడనీ పొడిచాను, చిట్టచివరిది తప్ప. ఆ చివరి గోడ గిన్నె అడుగులా ఆపుతుంటే గడలో నిండా మందు పోసి, గోడకి నిలబెట్టి తాడుతో కట్టేశాను. గడ లోపలి గోడ నుంచి మందు బయటి వైపు మెల్లగా పీల్చుకుంటుంది. రోజూ మట్టం దిగుతుంది, దిగినంతా పొయ్యాలి. రెండు వారాలు ఇదే పని. సన్న గడలకి బోలు లేదు కనుక వాటిని ఒక చివర మూసిన పీవీసీ పైపులో నానబెట్టాను.

2023 జనవరి 22

వసారా దూలాల కింద నీడలో ఆరుతున్నాయి. వారానికోసారి తిప్పుతూ, తూకం వేస్తూ వచ్చాను. ఒకటో నంబరు గడ మందు తీసిన రోజు 1,140 గ్రాములు, సంక్రాంతికి 790, ఈ రోజు 780. ఇంకో నెల చూడాలి.

మూడు గడలు నిలువునా పగిలాయి. రెండు సాయంత్రం ఎండ తగిలే మూల ఉన్నవి, పొరపాటు నాదే. మూడో దాంట్లో ఒక కణుపు గోడ పొడవడం మర్చిపోయాను. ఆ కణుపు దగ్గరే సరిగ్గా పగులు మొదలైంది. మిగిలిన ఎనిమిదీ సరిపోతాయి.

ఫిబ్రవరి 12

వెదురుతో చేయలేనివి కొన్నున్నాయి. పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ గొట్టం (పెడల్ గొట్టం), హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం, వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడీలు, సీటు కడ్డీ దిగే చోటు. ఇవి ఇనుమే కావాలి. తుక్కు కొట్లో డౌన్ ట్యూబు (ముందు గొట్టం నుంచి పెడల్ గొట్టానికి ఏటవాలుగా దిగేది) పగిలిన గేర్ల సైకిల్ ఒకటి 900 రూపాయలకి దొరికింది. చక్రాలు బాగున్నాయి, గేర్లు పనిచేస్తున్నాయి.

మా బావ వెల్డింగ్ షాపులో కోశాం. బాటమ్ బ్రాకెట్ కుడి వైపు కప్పు ఎంతకీ రాలేదు. బావ గొట్టం పానా పెట్టి వేలాడినంత పని చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, కుడి వైపు మర తిరగేసి ఉంటుంది, తొక్కుతుంటే తనంతట తాను వదులైపోకుండా. కుడికి తిప్పగానే వచ్చేసింది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఒక పూట మిగిలేది.

దాచుకున్నవి: 68 మి.మీ. వెడల్పున్న బాటమ్ బ్రాకెట్ గొట్టం, 120 మి.మీ. ముందు గొట్టం, సీటు గొట్టం పైముక్క 80 మి.మీ., వెనక గాడీలు రెండూ. గాడీలకి 50 మి.మీ. తోకలు వదిలి కోయించాను, అవి వెదురు లోపలికి దిగుతాయి. ముందు ఫోర్కు పాత ఇనుపదే ఉంచుతున్నాను. వెనక ఏది విరిగినా ఆగొచ్చు, ఫోర్కు విరిగితే ముఖం నేలకి కొట్టుకుంటుంది. ఇంట్లో అందరికీ మాటిచ్చాను, మొదటి సైకిల్‌కి వెదురు ఫోర్కు పెట్టనని.

మార్చి 12

18 మి.మీ. ప్లైవుడ్ షీటు మీద సైకిల్ బొమ్మ అసలు సైజులో గీశాను. ముందు గొట్టం కోణం 71 డిగ్రీలు, సీటు గొట్టం 73, పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 440 మి.మీ. గీతల మీద చెక్క దిమ్మలు బిగించి ఇనప ముక్కలని వాటి చోట్లలో కూర్చోబెట్టాను. పెడల్ ఇరుసుకీ వెనక ఇరుసుకీ రసమట్టం, ముందు గొట్టానికీ సీటు గొట్టానికీ మధ్య దారం. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా చక్రం పక్కకి లాగుతుంది.

ఆ తర్వాత వెదురు కోతలు. గొట్టం పక్కన గొట్టం ఆనాలంటే చివర చంద్రవంకలా తొలవాలి. అరచంద్ర ఆకురాయితో పది రుద్దులు రుద్దడం, పెట్టి చూడడం, దీపం వెనక పెట్టి సందులో వెలుగు ఎక్కడ వస్తోందో చూసి మళ్లీ రుద్దడం. వెలుగు పోయేదాకా. ఒక్కో కొసకి దాదాపు గంట పట్టింది. ఈ పని చేస్తున్నప్పుడు వేరే ఏ ఆలోచనా రాదు. ఆదివారాలు ఎలా గడిచాయో తెలీలేదు.

ఏప్రిల్ 9

నార చుట్టడం మొదలైంది.

చాలామంది కార్బన్ నారో, జనపనారో, అవిసెనారో వాడతారు. మా జిల్లాలో ఉన్నది గోగు. గజపతినగరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో గోగు కట్టలు చెరువులో ఊరేసిన వారం ఊరంతా ఆ వాసనే. నార ఒలిచి దండేల మీద ఆరేస్తే ఎండలో జుట్టులా మెరిసేది. నెల్లిమర్ల జూట్ మిల్లు ఈ పక్కనే ఉంది. నార కోసం కాలిఫోర్నియా దాకా చూడక్కర్లేదు కదా అని రెండు కిలోలు తెప్పించాను. పొడుగు పేళ్లు ఎంచి, పాత దువ్వెనతో దువ్వి, పొట్టు రాలగొట్టి, రెండు వంద వాట్ల బల్బులు పెట్టిన అట్టపెట్టెలో రాత్రంతా ఉంచాను. నారలో తేమ ఉంటే ఎపాక్సీ పట్టుకోదు.

మొదట గొట్టాల కొసలకి రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ రాసి, దిమ్మలు బిగించిన ఆ ప్లైవుడ్ చట్రంలో అతికించాను. ఒక రోజు ఆగాక ఆ మూలలని ముద్దతో నున్నగా నింపాను. ఇక నార. నులక మంచం అల్లడం చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక గొట్టం మీంచి వచ్చి, అతుకు దాటి, రెండో గొట్టం చుట్టి, మళ్లీ ఏటవాలుగా వెనక్కి. గుండ్రంగా ఎంత చుట్టినా లాభం లేదు. ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి దాటే పేళ్లే బరువు మోసేవి. పెడల్ గొట్టం దగ్గర నాలుగు గొట్టాలు కలుస్తాయి, అక్కడ ఏడు వరసలు పడ్డాయి. పైన పాలిథీన్ చుట్టి, సూదితో చిల్లులు పొడిచి, దానిమీద పాత సైకిల్ ట్యూబుని పట్టీలుగా కోసి బిగించాను. ఎక్కువైన ఎపాక్సీ ఆ చిల్లుల్లోంచి తేనెలా కారుతుంది, నార దగ్గరికి నొక్కుకుంటుంది.

ఒక ప్రమాదం కూడా జరిగింది. మధ్యాహ్నం రెండింటికి ఒకేసారి 300 గ్రాముల ఎపాక్సీ ప్లాస్టిక్ గ్లాసులో కలిపాను. పది నిమిషాలు కాకుండానే గ్లాసు చేతిలో కాలిపోసాగింది, పొగ వచ్చింది, గ్లాసు అడుగు మెత్తబడి వాలిపోయింది. ఇసకలో పారేశాను. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. లోతు గ్లాసులో ఆ వేడి పోయే దారి లేదు, పైగా మన ఏప్రిల్ ఎండ. ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి, వెడల్పాటి పళ్లెంలో, 60 గ్రాముల చొప్పున కలుపుతున్నాను.

ఏప్రిల్ 23

ఫ్రేమ్ పోయింది.

చక్రాలు ఎక్కించి, గోడ పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. నా బరువు 68 కిలోలు. బాగానే ఉంది. కాస్త ఊగాను. బాగానే ఉంది. కుడి పెడల్ మీద నిలబడ్డాను. టక్‌మంది. వెదురు విరిగిన చప్పుడు కాదది, మూత ఊడినట్టు చిన్నగా. దిగి చూస్తే పెడల్ గొట్టానికి డౌన్ ట్యూబు కలిసే అతుకు అంచున తెల్లటి గీత. గొట్టాన్ని చేత్తో తిప్పితే నార తొడుగు లోపల తిరిగింది.

ఆ తొడుగుని రంపంతో నిలువునా కోసి విప్పాను. దాని లోపలి ముఖం అద్దంలా ఉంది. వెదురు మీది సన్న గీతలు, కణుపు అంచు, అన్నీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. ఒక్క ఈనె కూడా ఊడి రాలేదు. నార తెగలేదు, వెదురు విరగలేదు. రెండింటికీ మధ్య ఏమీ లేదు, అంతే. అయిదు నెలల పని ఆ నున్నటి ముఖం మీద ఆగిపోయింది. ఆ సాయంత్రం ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

ముక్క పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను. ఆయన వేలు పెట్టి లోపల తడిమాడు.

"పై తోలు తీయకుండా అంటించారా మాస్టారూ? తామరాకు మీద నీళ్లు నిలుస్తాయా?"

"గరుకు కాగితం రుద్దాను కదా తాతా."

"రుద్దితే గీతలు పడతాయి, తోలు పోదు."

మేదర కత్తి తీసి, అంచుని గడకి నిలువుగా ఆనించి తన వైపు లాగాడు. దుమ్ములాంటి పసుపు పొట్టు రాలింది. నాలుగు లాగుళ్లకి మెరుపు పోయింది, కింద లేత పసుపు కనిపించింది, అక్కడితో ఆపేశాడు. "తోలు తీయండి, నరం తీయకండి. నరమంతా పైనే ఉంటుంది" అన్నాడు.

ఇంటికొచ్చి గడ కోసిన ముఖం భూతద్దంలో చూశాను. నల్ల చుక్కల్లా కనిపించే నార కట్టలు బయటి వైపు దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉన్నాయి, లోపలికి వచ్చేకొద్దీ దూరం దూరం. వెదురు బలం నిజంగానే చర్మం కిందే ఉంది. ఆ పైన మైనం, సిలికా కలిసిన నున్నటి పొర. ఎపాక్సీ పట్టాలంటే ఆ పొర పోవాలి, అలాగని ఒక మిల్లీమీటరు లోతు చెక్కితే అసలు బలమే పోతుంది. నేను ఫోర్సులూ కోణాలూ లెక్కేసి ఫ్రేమ్ కట్టాను, ఆయన యాభై ఏళ్లుగా చేత్తో తెలుసుకున్న ఒక్క సంగతి నాకు తెలియక అది ఊడింది. మేదరుల పనిని మనం బుట్టల పని అంటాం. నేనిప్పుడు అలా అనలేను.

మే 7

నమ్మకం మీద మళ్లీ కట్టదలచుకోలేదు. వెదురు బద్దలు 25 మి.మీ. వెడల్పున చీల్చి, రెండేసి బద్దలని 20 మి.మీ. మేర ఒకదానిమీద ఒకటి, పై తోళ్లు రెండూ ఎదురెదురుగా వచ్చేట్టు అతికించాను. తోలు తీయనివి మూడు జతలు, గరుకు కాగితం రుద్దినవి మూడు, కత్తితో గీకినవి మూడు. వారం ఆరాక దూలానికి వేలాడదీసి కింద 25 కిలోల బియ్యం బస్తాలు ఒక్కొక్కటే కట్టాం. పిల్లలు నలుగురు వచ్చారు, లెక్క వాళ్లే రాశారు.

తోలు తీయనివి మూడూ రెండో బస్తాకే జారాయి. గరుకు కాగితం రుద్దినవాటిలో ఒకటి మూడో బస్తాకి, రెండు నాలుగో బస్తాకి. గీకినవి ఆరు బస్తాలు మోశాయి. ఏడోది కడదామంటే తాడు మీద నమ్మకం లేక ఆపాం. ఒకదాన్ని ఉలితో విడదీస్తే వెదురు ఈనెలు చిరిగి ఎపాక్సీకి అంటుకుని వచ్చాయి. ఆ చిరుగు చూసినప్పటి సంతోషం మాటల్లో పెట్టలేను.

మే 28

అతుకులన్నీ కోసేశాను. సీటు గొట్టం, డౌన్ ట్యూబు కోతలో దెబ్బతిన్నాయి, కొత్తవి తొలిచాను. ఈసారి అతుకు పడే మేర అంతా గాజు పెంకుతో గీకాను. వడ్రంగులు వాడే పాత పద్ధతే, కత్తి కన్నా నా చేతికి అదే లొంగింది. ఇనప ముక్కలని ఆకురాయితో గరుకు చేసి, తుప్పు పట్టే వ్యవధి ఇవ్వకుండా అప్పటికప్పుడే ఎపాక్సీ రాశాను. అయిదు తెల్లవారుజాముల్లో చుట్టడం పూర్తయింది. తర్వాత ఫ్రేమ్‌ని పెద్ద అట్టపెట్టెలో పెట్టి, బల్బుల వేడితో 60 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచాను. మామూలు వేడిలో గట్టిపడిన ఎపాక్సీ ఎండలో మెత్తబడే గుణం ఉంటుంది, ఇలా ఒకసారి కాస్తే ఆ హద్దు పైకి జరుగుతుంది. మన రోడ్ల మీద మధ్యాహ్నం నిలబెట్టే సైకిల్‌కి ఇది తప్పదు.

జూన్ 18

ఫ్రేమ్ 2 కిలోల 740 గ్రాములు. మొత్తం సైకిల్ 13 కిలోల 900.

వెనక చక్రం ఎడమకి 3 మి.మీ. వంగి కూర్చుంది. గాడీలో ఆకురాయితో కొంచెం, స్పోకులు బిగించి కొంచెం సర్దాను. పెడల్ మీద 25 కిలోల బస్తా వేలాడదీసి పెడల్ గొట్టం ఎంత పక్కకి వంగుతుందో స్కేలు పెట్టి చూశాను. బావ ఇనప సైకిల్ 2 మి.మీ., నాది 3.5. ఈ కొలత నాకు ముఖ్యం. 1980లలో స్వీడన్‌లో ఇటెరా అని ప్లాస్టిక్ ఫ్రేమ్ సైకిల్ అమ్మారు. ఫ్రేమ్ వంగుతూ ఊగేది, మూడు నాలుగేళ్లలోనే తయారీ ఆగిపోయింది. బలం ఉంటే చాలదు, బిగువు కూడా ఉండాలి. 3.5 నాకు సమ్మతమే.

హ్యాండిల్ పిడులు ఏటికొప్పాకలో చేయించాను. అంకుడు కర్ర, లేత పసుపు లక్క. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో నున్న చేశారు. చేతి చెమటకి ఎన్నాళ్లు నిలుస్తుందో వాడి చూడాలి. చూడ్డానికి మాత్రం కళ్లు తిప్పుకోలేం.

జూలై 9

వానలు. అతుకుల మీద ఆఖరి పూత వేశాక పైన జిగట పొర తేలింది, నూనె పూసినట్టు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవం) పైకి తేలి ఇలా అవుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక రుద్ది, బల్బుల పెట్టెలోనే వార్నిష్ వేశాను. గొట్టాల కొసలు, స్క్రూ పడ్డ చోట్లు రెండుసార్లు. నీళ్లు దూరేది అక్కడే.

జూలై 30

తెల్లవారుజామున కోట దగ్గర బయలుదేరి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లొచ్చాను. వెళ్లేటప్పుడు టెన్షన్‌తో ప్రతి చప్పుడుకీ ఆగాను. చంపావతి వంతెన దాటాక భయం పోయింది. గతుకు రోడ్డు మీద తేడా బాగా తెలిసింది. ఇనప సైకిల్ మీద మణికట్టుకి వచ్చే జిల్లుమనే అదురు దీనిలో లేదు. గుంతలో పడితే దభీమంటుంది, అంతటితో ఆగిపోతుంది. చిన్న రాళ్ల మీద మెత్తగా పోతుంది. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఫ్రేమ్‌ని గోటితో మీటి, "నిజంగా వెదురే!" అని పక్కవాళ్లని పిలిచాడు. అతుకులు గోగునారవి అని చెబితే ఇంకా ఆశ్చర్యపోయాడు, వాళ్లింట్లో నలభై ఏళ్లు గోగు వేశారట.

ఆగస్టు 20

మొత్తం 212 కిలోమీటర్లు. రోజూ స్కూలుకి దీనిమీదే వెళుతున్నాను. అతుకుల అంచుల్లో పెన్సిల్ గీతలు పెట్టి ఉంచాను, వారానికోసారి చూస్తాను. ఏదీ కదల్లేదు. సీటు బిగింపు దగ్గర కిర్రుమనే చప్పుడు గ్రీజు రాస్తే పోయింది. పిడుల మీద లక్క బొటనవేళ్లు ఆనే చోట మసకబారింది.

సాయంత్రం తాత దగ్గర ఆపాను. ఎక్కమంటే ఎక్కలేదు, పక్కన గొంతుకూర్చుని వేలి కణుపులతో ఫ్రేమ్ అంతా కొట్టుకుంటూ వెళ్లాడు. పై గొట్టం, డౌన్ ట్యూబు, సీటు గొట్టం, వెనకవి నాలుగూ. ఎడమ కింది గొట్టం మీద ఆగి మళ్లీ కొట్టాడు. కుడి దాని మీద కొట్టాడు. మళ్లీ ఎడమ దాని మీద.

"వినండి మాస్టారూ. ఇది పలుకుతోంది, ఇది గునుస్తోంది."

నాకు తేడా తెలియలేదు. మూడోసారి తెలిసింది. సెల్‌ఫోన్ లైటు పెట్టి చూస్తే గాడీకి కాస్త ముందు, కింది వైపు, వెంట్రుక లాంటి నిలువు గీత. కొలిస్తే 4 సెం.మీ. నేను పెన్సిల్ గీతలు పెట్టింది అతుకుల దగ్గర, గొట్టాల అడుగు వైపు ఎన్నడూ చూడలేదు.

"విరుగుతుందా తాతా?"

"ఇప్పుడే కట్టేస్తే విరగదు. నిచ్చెనకైతే అలాగే కడతాం."

రేపు స్కూలుకి బస్సులో వెళతాను. పొద్దున అయిదింటికి ఆ గీతలోకి పల్చటి ఎపాక్సీ సిరంజీతో ఎక్కించి, చుట్టూ తోలు గీకి, నాలుగు వేళ్ల వెడల్పున నార కట్టాలి. కుడి వైపు కూడా అంతే, పగలకముందే. నార దువ్వి బల్బుల పెట్టెలో ఇప్పుడే పెట్టాను.